తీపి కలిపిన ఆకుపొడి

నా పేరు ఈ వాంగ్మూలం పైన రాసే ఉంది. వీధిలో మాత్రం అందరూ పొడులక్క అంటారు. వయసు నలభై నాలుగు. అవిసె గింజలు, ఎండు ఆకులు, తవుడు తీయని ధాన్యం పొడి ఆడించి అమ్ముతాను. మిల్లు మా ఇంటి కింది గదిలోనే ఉంది. నా భర్త పోయాక నేనూ మరిదీ కలిసి నడుపుతున్నాం. సరుకు పాడు చేశానని నా మీద ఫిర్యాదు ఇచ్చింది ఆ మరిదే. అది నిజం, నేనే పాడు చేశాను.

నా పొడులు జబ్బులు నయం చేస్తాయని నేను ఏనాడూ అనలేదు. మంచి తిండి ఒంటికి బలం, మాత్రలు మాత్రం మానకండి అని వచ్చిన ప్రతివాళ్లకీ చెబుతాను. "ఇలా చెప్తే బేరం ఎలా సాగుద్ది వదినా" అని మరిది నవ్వేవాడు.

మా ఇంట్లో ఏ పొడి ఆడించినా ముందు అత్తగారు రుచి చూడాలి. ఆకుపొడి నోట్లో వేసుకుని ఆవిడ చేదుకి మొహం చిట్లిస్తేనే సరుకు సరిగ్గా ఉన్నట్టు. పోయిన నెల నేను మా చెల్లెలి కాన్పుకి వెళ్లి తిరిగొచ్చేసరికి, మరిది ఆడించిన ఆకుపొడి ఆవిడ రోజూ రెండు గ్లాసులు కలుపుకుని తాగుతున్నారు. "ఇన్నాళ్లకి మనుషులు తాగే పొడి చేశారే" అన్నారు. ఇంటిల్లిపాదీ సంతోషించాం. నేనూ సంతోషించాను, నా ఒళ్లు మండేది అందుకే.

శుక్రవారం ఉదయం ఏడింటికి ఆవిడ వంటగదిలో పడిపోయారు. బీపీ ఉంది, మాత్రలు వేసుకుంటూనే ఉన్నారు. ఏమేం తీసుకుంటున్నారని ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది. మరిది నీళ్లు నమిలి, తీపి కోసం పొడిలో అతిమధురం వేరు దంచి కలిపానన్నాడు. రోజూ అంతంత తాగితే అది బీపీ పెంచుతుందని డాక్టరమ్మ చెప్పింది.

"ఒట్టి చెట్టు వేరే కదా వదినా, నేల్లో పుట్టిందేగా" అన్నాడు.

"గన్నేరు కూడా నేల్లోనే పుడుతుంది" అన్నాను.

ఆ పొట్లాల మీద అతిమధురం పేరు లేదు. 'బీపీ ఉన్నవారికి మంచిది' అని మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది. మిగతా సరుకు సోమవారం దుకాణాలకు వెళ్లాలి. ఆపమన్నాను. "అమ్మకి తగ్గిపోద్దిలే, నువ్వు నోరు మూసుకో" అన్నాడు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి అతను భోంచేసి పడుకున్నాక కింది గదికి వెళ్లి, బస్తాలు విప్పి నీళ్ల గొట్టం పెట్టాను. ఒక్క పొట్లం మిగిల్చి మీ బల్ల మీద పెట్టాను. పరీక్షకు పంపండి.

అత్తగారు ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు, మాట తడబడుతోంది. ఇప్పటికే అమ్మిన పొట్లాలు ఎక్కడెక్కడికి వెళ్లాయో మరిదికే తెలుసు. అడిగితే పరువు పోతుందంటున్నాడు. ఈ పూట కూడా ఏ ఇంట్లోనో ఒక ముసలావిడ రెండో గ్లాసు కలుపుకుంటూ ఉంటుంది. నన్ను లోపల వేయాలంటే వేయండి. ముందు అతని నోరు విప్పించండి.

ఇంటి గొడవ, రాజీ పడమని ఎస్సైగారు అన్నారు. పడను.

నేను చెప్పగా రాసి నాకు చదివి వినిపించారు. 'కోపంలో చేశాను' అని ఒకచోట రాశారు. అది నా మాట కాదు. కొట్టేయించి, 'తెలిసే చేశాను' అని రాయించాను. మిగిలిందంతా నేను చెప్పినదే, నిజమే.

(సంతకం)