ఒక్క మార్కూ పెంచని నకిలీ పట్టా

నా పేరు, ఇంటి చిరునామా పై కాగితంలో రాసి ఇచ్చాను. వయసు నలభై ఆరు. రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చదివాను. పరిశోధన మొదలుపెట్టి మధ్యలో వదిలేశాను. ప్రస్తుతం ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో సర్టిఫికెట్ల తనిఖీ విభాగానికి సెక్షన్ ఆఫీసర్‌ని. ఐదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఈ రోజు బుధవారం, ఉదయం పదకొండూ పదికి పోలీస్ స్టేషన్‌కు వచ్చాను. నేను చెబుతుంటే టైపు చేయిస్తామని దర్యాప్తు అధికారి అన్నారు. నా చేత్తో రాసి ఇస్తానంటే సరేనన్నారు. నన్నెవరూ బెదిరించలేదు, ఎవరూ ఆశ చూపలేదు.

పోయిన నెల తొమ్మిదో తారీకు సోమవారం, పదీ నలభైకి నా బల్ల మీదికి ఒక కవరు వచ్చింది. నీటి పరీక్షల ల్యాబ్ పంపింది. ఊరి కుళాయి నీళ్లు తాగడానికి పనికొస్తాయో లేదో చెప్పేది ఆ ల్యాబే. వాళ్లు ఏదో గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టుకుని, ఉద్యోగులందరి పట్టాలూ నిజమైనవేనా అని ఆయా విశ్వవిద్యాలయాలను అడుగుతున్నారు. మా పేరుతో ఉన్నవి నాలుగు. మూడు సరిగ్గా ఉన్నాయి. నాలుగోది నకిలీ అని చేతిలోకి తీసుకోగానే తెలిసింది. దాని మీద సీలు తిన్నగా ఉంది. మా సీలు యంత్రం ఆరేళ్లుగా ఎడమ పక్కకు వాలి కొడుతోంది. బాగుచేయించమని మూడు ఉత్తరాలు రాశాను. ఆరేళ్లుగా మేమిచ్చిన ఏ పట్టా మీదా సీలు తిన్నగా లేదు.

ఆ తర్వాతే పేరు చూశాను. ఆ అమ్మాయి నా విద్యార్థిని.

మా విశ్వవిద్యాలయంలో కాదు. ఈ ఉద్యోగానికి ముందు నేను పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా బస్టాండు వెనక ఉన్న చిన్న కాలేజీలోనూ, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా మా విశ్వవిద్యాలయంలోనూ పాఠాలు చెప్పేదాన్ని. రెండు చోట్లా ఒకటే పేపరు. ఒకటే నోట్సు, నల్ల అట్ట పుస్తకం. పొద్దున చెప్పిన పాఠమే సాయంత్రం చెప్పేదాన్ని. సాయంత్రానికి గొంతు పట్టేసి రెండు ఉదాహరణలు తగ్గించి చెప్పేదాన్ని కూడా. చిన్న కాలేజీలో ఫ్యాను తిరిగితే పండగ. ఇక్కడ ఏసీ ఉండేది, పెద్ద లైబ్రరీ ఉండేది. ఇక్కడి పిల్లలు ఇంగ్లీషు బాగా మాట్లాడేవాళ్లు, కాని అది మేం నేర్పింది కాదు, వాళ్లు వస్తూ తెచ్చుకున్నది. నాకు తెలిసిన తేడా ఇంతే. ఇంకేమైనా ఉందేమో చెప్పలేను.

చిన్న కాలేజీ ఫలితాల నకలు నా దగ్గర ఇంకా ఉంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి, నకిలీ మార్కుల జాబితాతో పోల్చి చూశాను. ఒక్క మార్కూ పెంచుకోలేదు. మొదటి సెమిస్టర్‌లో నా పేపరు తప్పింది. నూటికి ముప్ఫై ఒకటి వేశాను. రెండోసారి రాసి అరవై ఎనిమిది తెచ్చుకుంది. రెండోసారి పాసైన పేపరు పక్కన నక్షత్రం గుర్తు వేస్తారు. నకిలీ జాబితాలో ఆ నక్షత్రం కూడా వేయించుకుంది. దొంగ కాగితం చేయించుకునే మనిషికి ఆ నక్షత్రం ఎందుకు? ఇది కేసుకు ముఖ్యం కాదని అధికారి అంటున్నారు. కావచ్చు. కాని ఒక్క మార్కూ పెంచుకోలేదు.

జవాబు ఏడు పని దినాల్లో పంపాలి. నేను కవరును సొరుగులో పెట్టి తాళం వేశాను. ఆ బుధవారం మధ్యాహ్నం ఒకటీ పావుకు క్యాంటీన్ వెనక నిలబడి, ల్యాబ్ కాగితంలో ఉన్న ఆమె నంబరుకు ఫోన్ చేశాను. చేయకూడదని తెలుసు. చేశాను.

“మిస్, మీరా! గొంతు వినగానే పోల్చాను. ఎలా ఉన్నారు?” అంది.

“నీ పట్టా నా బల్ల మీదికొచ్చింది.”

ఆమె నవ్వింది. “అయితే దొరికిపోయానన్నమాట. ఎలా కనిపెట్టారు మిస్? అచ్చుతప్పులున్నాయా?”

“లేవు. సీలు తిన్నగా ఉంది.”

“అయ్యో రామా. పదిసార్లు కొట్టించి, అందులో మంచిది ఏరుకున్నాను మిస్.”

నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు గురించి కూడా రాయాలనిపించింది కనుక రాస్తున్నాను.

“ఎందుకు చేశావమ్మా ఈ పని?” అన్నాను.

“ముందు అసలుదే పెట్టాను మిస్. పద్నాలుగు చోట్ల. ఒక్కళ్లు పిలిస్తే ఒట్టు. ఇది పెట్టిన వారానికే పిలిచారు. ఇంటర్వ్యూలో అడిగినవన్నీ మీ నోట్సులోవే, గడగడా చెప్పేశాను. ‘మరి ఆ యూనివర్సిటీ అంటే మాటలా’ అన్నారు.” కాస్త ఆగి, “మీరు ఏం రాయాలో అదే రాయండి. నా కోసం మీ ఉద్యోగం మీదికి తెచ్చుకోకండి” అంది.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి జవాబు పంపాను. “ఈ పట్టా మా విశ్వవిద్యాలయం జారీ చేసినది కాదు.” ఒక్క వాక్యం. అది నిజం. మూడేళ్లుగా ఆమె చేసిన నీటి పరీక్షల్లో ఒక్క తప్పయినా దొరికిందా అని ల్యాబ్ మేనేజర్‌ను ఫోన్‌లో అడిగాను. “తప్పా? మిగతావాళ్ల రిపోర్టులు కూడా ఆ అమ్మాయే దిద్దేదండీ. ఇప్పుడు ఆవిడ సంతకం పెట్టినవన్నీ మళ్లీ చేయించాలి, మా ఖర్మ” అన్నారు. సోమవారం ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు.

అదే రోజు రిజిస్ట్రార్ గారి గదికి వెళ్లాను. పోలీసు ఫిర్యాదు వద్దని అడగడానికి.

“సార్, ఉద్యోగం ఎలాగూ పోయింది. కేసెందుకు? మనం చెప్పే చదువే చదివింది.”

“చదువుదేముంది మేడమ్, ఎక్కడైనా దొరుకుతుంది. మన దగ్గరికి పేరు కోసం వస్తారు. దాన్ని ఊరికే ఎత్తుకుపోనిస్తే, కష్టపడి సీటు తెచ్చుకున్న పిల్లల మొహం ఎలా చూస్తాం?”

ఆ మాటలో తప్పెక్కడుందో నాకు వెంటనే దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. నేను లేస్తుంటే ఆయన నవ్వారు. “అయినా మనం సంతోషించాలండీ. నాసిరకం సబ్బుకి ఎవరైనా నకిలీ చేస్తారా? మనకి నకిలీ వచ్చిందంటే ఎక్కడికో వెళ్లిపోయామన్నమాట.”

ఫిర్యాదులో “విశ్వవిద్యాలయ ప్రతిష్ఠకు తీరని నష్టం కలిగినది” అనే వాక్యం ఉంది. ఆయన చెబితే టైపు చేసింది నేనే. పేపర్లో వార్త వచ్చిన మరుసటి వారం, సీట్ల గురించి అడిగే ఫోన్లు రెట్టింపయ్యాయని అడ్మిషన్ల గదిలో చెప్పుకున్నారు. దానికి నా దగ్గర కాగితం ఏమీ లేదు. విన్నది మాత్రమే.

ఆమెను అరెస్టు చేసి ఈ రోజుకు పదకొండు రోజులు. ఎల్లుండి బెయిలు విచారణ. మొన్న ఆదివారం పొద్దున ఏడింటికి ఆమె తండ్రి మా ఇంటికి వచ్చారు. కుట్టుమిషన్లు బాగుచేస్తారు. కూర్చోమన్నా కూర్చోలేదు, బట్టలకు నూనె మరకలున్నాయని.

“అమ్మా, చదవకుండా చదివానంటే తప్పు. మా పిల్ల చదివింది కదమ్మా. మీరే కదా చెప్పింది.”

“అవునండీ. నేనే చెప్పాను.”

“ఆ ముక్క పోలీసులకి చెప్పండి, చాలు. మీలాంటివారు చెప్తే వింటారు.”

చెబుతానన్నాను. ఈ రోజు వచ్చింది అందుకే. ఆమెకు రెండేళ్లు పాఠం చెప్పాననీ, మా పట్టా ఉన్నవాళ్లకు తెలిసినదంతా ఆమెకు తెలుసుననీ పన్నెండింటికి అధికారికి చెప్పాను. ఆయన ఓపికగానే విన్నారు.

“మేడమ్, మీరన్నది నిజమే అయ్యుండొచ్చు. కాని ఇక్కడున్న ప్రశ్న ఒకటే. ఆ కాగితం మీరిచ్చిందా, కాదా?”

“కాదు.”

“అంతే కదా మరి.”

అప్పుడు ఆయన ఫైల్లోంచి మరో కాగితం తీసి నా ముందు పెట్టారు. ఆమె ఇంట్లో సోదా చేసినప్పుడు దొరికిందట. నాలుగేళ్ల కిందట మా విశ్వవిద్యాలయంలోనే ల్యాబ్ సహాయకురాలి ఉద్యోగానికి ఆమె పెట్టుకున్న దరఖాస్తు. చిన్న కాలేజీ పట్టా, అసలుది, జతచేసి ఉంది. పైన ఎర్ర సిరాతో “జాబితాలో లేదు” అని రాసి తిప్పి పంపారు. కింద పొట్టి సంతకం.

“ఈ పొట్టి సంతకం ఎవరిదో చెప్పగలరా?” అన్నారు.

నాది. మా దగ్గర నలభై విశ్వవిద్యాలయాల జాబితా ఉంది. అందులో లేని చోట చదివినవాళ్ల దరఖాస్తులు పక్కన పెట్టడం మా సెక్షన్ పని. ఆ రోజు నూట పన్నెండు దరఖాస్తులు చూసినట్టు రిజిస్టర్‌లో ఉంటుంది. మూడో గడిలో విశ్వవిద్యాలయం పేరు ఉంటుంది. నేను మూడో గడి మాత్రమే చూస్తాను. అలా చూస్తేనే సాయంత్రానికి పని తెములుతుంది. మొదటి గడిలో ఆమె పేరు గుండ్రటి అక్షరాలతో ఉంది. ఆ అక్షరాలను నేను రెండేళ్లు దిద్దాను. ఫోన్‌లో ఆమె పద్నాలుగు చోట్ల అంది కాని, అందులో ఒకటి నేనని అనలేదు.

మధ్యాహ్నం పన్నెండూ యాభైకి టీ తెప్పించారు. రాయడం ఆపి తాగుతున్నాం. అధికారి తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగారు.

“మేడమ్, కేసు సంగతి వదిలేయండి. మా అమ్మాయికి రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి ఆ బస్టాండు వెనక కాలేజీ, ఇంకొకటి మీది. మీరు రెండు చోట్లా చేశారు కదా, మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. ఎక్కడ చేర్పించమంటారు?”

నేను చాలాసేపు ఆలోచించాను. టీ మీద మీగడ కట్టింది. నల్ల అట్ట పుస్తకం గురించి చెప్పొచ్చు. నేను ఇంతవరకు రాసిందంతా అదే కదా.

“మా దాంట్లోనే చేర్పించండి” అన్నాను.

ఆయన ఎందుకని అడగలేదు. “నేనూ అదే అనుకున్నానండీ” అన్నారు.

ఇప్పుడు ఈ పేజీ చదివి, “ఇది నా ఇంటి విషయం మేడమ్, కొట్టేయండి” అంటున్నారు. ఆయన అడిగినదాన్ని కొట్టేయడానికి నాకు అభ్యంతరం లేదు. నేను చెప్పిన జవాబు మాత్రం కొట్టేయలేను. ప్రమాణం చేసి చెప్పమని ఎవరూ అడగకపోయినా, ఈ రోజు నేను ఆలోచించి, నమ్మి చెప్పింది అదొక్కటే.

ఇందులో ఉన్నది నేను చూసింది, చేసింది, విన్నది. విన్నచోట విన్నదనే రాశాను. కలిపింది లేదు, దాచింది లేదు. మొత్తం నాలుగు పేజీలు మళ్లీ చదివి, ప్రతి పేజీ కింద పొట్టి సంతకం చేసి, ఇక్కడ పూర్తి సంతకం చేస్తున్నాను.

(సంతకం)
సెక్షన్ ఆఫీసర్, సర్టిఫికెట్ల తనిఖీ విభాగం
బుధవారం, మధ్యాహ్నం 1:35