ముందు వరుసలో టమాటా

ఎనిడ్ చేసిన అన్యాయం పగవాడికి కూడా వద్దనుకుంటూ నోరిస్ చర్చి దగ్గరికి వచ్చాడు. యుద్ధంలో పోయినవాళ్ల గుర్తుగా, ఒక్కొక్కరి పేర ఒక్కోటి చొప్పున ఊరంతా ఊలుతో అల్లిన ఎర్ర గసగసాల పూలను ఆవిడ గోడమీది వలకు కుడుతోంది.

"మా ముత్తాత పువ్వును వెనక్కెందుకు తోశావ్?"

"అది పువ్వా? టమాటా అనుకున్నాను."

"వేళ్లు వాచేలా అల్లానమ్మా!"

"వాచింది పువ్వే. లోపల ఏం కుక్కావయ్యా?"

"పాత మేజోళ్లు. ముడుచుకుపోకుండా."

"వానకి నాని ఊడిపడితే పాస్టరుగారి బుర్ర పగులుద్ది!"

"మా ముత్తాతా లావేనమ్మా. యుద్ధంలో ముందు వరుసలో నిలబెట్టినప్పుడు ఎవరూ వంక పెట్టలేదు."

ఎనిడ్ సూది ఆగింది.

"సరే, వెనకనుంచి తీసి ఇటివ్వు. ముందు వరుసలో ఓ పువ్వు పక్కకి జరుపుతాను."

"జరిపేది ఎవరిది?"

"మా ముత్తాతదే. యుద్ధమంతా అంగుళం నేల వదల్లేదట మహానుభావుడు. ఇవాళ నీ టమాటా చేతిలో నాలుగంగుళాలు పోగొట్టుకున్నాడు."