కుక్కకాటుకు కారం

అశోక్‌నగర్ స్టడీహాల్ మెట్ల మీద చదువుకుంటున్న తమ్ముడు సుమంత్ పిక్క చూడగానే రాగిణి గబుక్కున స్కూటర్ దిగింది. పొద్దున కుక్క కరిచిన చోట కారం మెత్తి ఉంది.

“సూది ఏయించుకోలేదారా?”

“కారం పెట్టిన గదక్కా. రేపు గ్రూప్స్ పరీక్ష అయినంక పోత.”

“సరే, పరీక్ష నేనే పెడత. వైరస్ కణంలకు ఎట్ల జొరబడతది?”

“గింతేనా? దాని మీదున్న ప్రొటీన్ కణం మీది ప్రొటీన్‌ను పట్టుకుంటది. కణమే దాన్ని లోపలికి గుంజుకుంటది.”

“కుక్కకాటు వైరస్ ఏ కణాన్ని పట్టుకుంటది?”

“నరాన్ని. ఆడికెళ్లి మెదడుకు...” సుమంత్ తన పిక్క వైపు చూసుకున్నాడు. “అక్కా, నా పని అయిపోయిందా?”

“లేదురా, టైముంది. సూదులు పడితే యాంటీబాడీలు వైరస్ మీదున్న ఆ ప్రొటీన్‌నే కమ్మేస్తయి. ఇగ అది నరాన్ని పట్టలేదు.”

సుమంత్ నల్లా కింద కారమంతా సబ్బుతో కడిగి అక్క వెనక స్కూటరెక్కాడు.

“జవాబులైతే కరెక్టే చెప్పిన కదా?”

“చెప్పినవ్. మార్కులు నారాయణగూడ దవాఖానల సూదితోని ఏస్తరు. గట్టిగ పట్టుకో!”