థోరాల్ఫ్ తల కొలత

మళ్ళీ అదే గోల, థోరాల్ఫ్! మెదడు స్కానింగ్‌కి వచ్చినవాళ్ళకి నా టోపీ చెవుల దగ్గర నొక్కేస్తోందట. నొక్కదా మరి? ఆ టోపీలో రాగి చుట్టలు పుర్రెకి ఎంత దగ్గరగా ఉంటే మెదడు బొమ్మ అంత తేటగా వస్తుంది. చెబితే వింటారా?

పైగా ఆ స్కానింగ్ యంత్రం నడిపే రూప్రెహ్ట్ ఎగతాళి. "ఆంకె, నువ్వు మీ ఆయన తల కొలిచి కట్టావు. దానికి మాగ్దెబుర్గ్ జనమంతా తలలు చెక్కించుకోవాలా?" అంటాడు.

నిజమేలే. సగటు తల నమూనా ల్యాబు బీరువాలో ఉండగా, నిన్ను కుర్చీలో కూచోబెట్టి ప్లాస్టర్ పోశాను. ఇంట్లో తల ఉండగా బీరువా దాకా ఎవరెళ్తారు? ముక్కులోకి పోయిందని ఎంత తిట్టావో!

ఇప్పుడూ తిట్టచ్చు కదా, ఒక్క మాట.

ఈత కొలనులో గుండె ఆగింది. దాన్నయితే మళ్ళీ కొట్టుకునేలా చేశారు. ఈలోగా మెదడుకి ప్రాణవాయువు అందలేదు. కళ్ళు తెరుస్తావు, చూడవు. వింటున్నావో లేదో ఎవరికీ తెలీదు.

తెలుసుకునే దారి ఉందయ్యా. నిన్ను ఆ యంత్రంలో పడుకోబెట్టి, ఎల్బ నది మీద పడవలో తెడ్డు వేస్తున్నట్టు ఊహించుకోమంటారు. నువ్వు విని ఊహించుకున్నావా, మెదడులో ఆ చోటికి నెత్తురు ఎక్కువగా చేరుతుంది. ఆవగింజంత మార్పయినా నా చుట్టలు పట్టేస్తాయి. పాత యంత్రమైతే, బొమ్మ ఖాళీగా వచ్చినా, ఏమో, దానికి కనబడలేదేమో అనుకుని బతికేదాన్ని. ఆ ఆశ నా చేతులతో నేనే తీసేసుకున్నాను.

బొమ్మ ఖాళీగా వచ్చినంత మాత్రాన నువ్వు లోపల లేవని కాదు, అంటాడు రూప్రెహ్ట్. నాకు తెలీదా? కానీ ఆ మాట తొమ్మిదేళ్ళ పిల్లకి ఎలా చెప్పను?

వీబ్క రోజూ అదే అడుగుతుంది. "అమ్మా, నాన్నకి నా మాట వినిపిస్తోందా? నీ యంత్రంతో చూడచ్చు కదా?"

అనుమతి వచ్చింది. నీ ఒంట్లో లోహం ముక్క లేదని డాక్టరు సంతకం పెట్టింది. ఈ గురువారమే అన్నారు.

వీబ్కతో ఏమన్నానో తెలుసా? యంత్రం పాడైందన్నాను. పళ్ళు తోముకోకుండా తోముకున్నానంటే ఊరుకోని దాన్ని, నేను! "నువ్వే కదమ్మా బాగుచేసేది," అంది పిచ్చిది.

ఒకవేళ నువ్వు లోపలే ఉంటే? ఎవరైనా పలకరిస్తారేమోనని కాచుకుని ఉంటే? రాత్రీ పగలూ అదే ఆలోచన, థోరాల్ఫ్. అయినా రూప్రెహ్ట్‌కి ఈ గురువారం వద్దన్నాను.

వచ్చే గురువారం కూడా వద్దనేలాగే ఉన్నాను.