అరవై రోజుల సామాను

తమ్ముడు బీమా ఏజెంటు. అతని ఆఫీసు తలుపు తీసీ తీయగానే అక్క వచ్చి బల్ల ముందు నిలబడింది.

“కూర్చో అక్కా ముందు.”

“కూర్చోడానికి రాలేదురా. నిన్న నాతో రాయించిన కాగితం ఉందిగా, అది చించెయ్.”

“సామాను పోయిందని రాశామే, అదా?”

“అదే. ఫిడేలు, కెమెరా, రేడియో...”

“దుప్పటి, దిండు.”

“అన్నీ దొరికాయి. దొంగా లేడు, పాడూ లేదు. మీ బావే రాత్రి గోతంలో వేసుకొచ్చాడు.”

“బావా?”

“రెండు నెలల్నుంచీ ఒక్కొక్కటే ఆయనే పట్టుకెళ్లాడట. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని పెరిగింది కదా, వారానికి నాలుగు రోజులు అక్కడే పడుకుంటున్నాడు. నాకో మాట చెప్పి చావొచ్చుగా. నేనేమో పాలవాణ్ణి అనుమానించి గడప తొక్కనివ్వలేదు. నవ్వకు.”

“నవ్వట్లేదు. ఆ ప్రెస్సుకి ఆరింటికే తాళం పడుతుందక్కా. మా కరపత్రాలు అక్కడే వేయిస్తాం.”

“వెనక గది ఉందంటరా. నీకు తెలియదు.”

“ఉంటే ఉండొచ్చు.”

“మొహం అలా పెట్టావేం? క్లెయిము పోయిందనా?”

“అది కాదు. రాత్రి ఏమన్నాడు బావ?”

“ఏమంటాడు, ఎప్పటిలాగే. రేడియో అలమారు మీద పెట్టాడు. ఫిడేలు మేకుకి తగిలించాడు. ఇన్నాళ్లూ ఆ ఉత్త మేకు చూడలేక అటు తిరగడమే మానేశానురా. దిండుకి గలీబు మార్చాను. మాట్లాడుతూ అన్నం తిన్నాడు. మాట్లాడుతూ తిని ఎన్నాళ్లైందో.”

“మొన్న సోమవారం బావ ఇక్కడికొచ్చాడు.”

“నీ దగ్గరికా? ఎందుకు?”

“మీ ఇంటి పాలసీ చూపించమని.”

“చూస్తాడు. రసీదు లేకుండా సబ్బుబిళ్ల కూడా కొనడు ఆయన.”

“చిన్నక్షరాలు కూడా వదల్లేదు. మూడు అచ్చుతప్పులు దిద్ది మరీ ఇచ్చాడు.”

“ఆయన అంతే.”

“తర్వాత ఒకటి అడిగాడు.”

“ఏంటది?”

“వద్దులే. మంచినీళ్లు తాగుతావా?”

“నీళ్లు తర్వాత. అడిగిందేంటో చెప్పు.”

“ఇంటి సామాను బయటికి పట్టుకెళ్తే బీమా ఎన్నాళ్లుంటుందని.”

“ఎన్నాళ్లుంటుంది?”

“అరవై రోజులు.”

“ఆ తర్వాత?”

“ఆయనా ఇలాగే అడిగాడు. ఆ తర్వాత ఉండదన్నాను. బయటికెళ్లిన సామాను తిరిగి ఇంటికి రావాలి. రాకపోతే అది ఆ ఇంటి సామాను కిందికి రాదు. కాకపోతే...”

“ఆపుతావేం?”

“ఒక్క రాత్రి ఇంట్లో ఉంటే చాలు. మర్నాడు మళ్లీ తీసుకెళ్లినా, మళ్లీ మొదట్నుంచి అరవై రోజులు లెక్క.”

“చాలా బావుంది మీ కంపెనీ లెక్క. నువ్వు కాగితం చించు.”

“అన్నిటికన్నా ముందు పోయిందేది?”

“ఫిడేలు.”

“ఎప్పుడు?”

“నిన్న తేదీ రాసుకున్నావుగా. నన్నడుగుతావేం?”

“నిన్నటికి యాభై తొమ్మిది రోజులు.”

“కుదిరిందేమోరా. మనుషులు చేసే ప్రతిదానికీ లెక్కలుంటాయా?”

“ఉండకపోవచ్చు. అక్కా, ఆ సామాను ఇప్పుడు ఇంట్లోనే ఉందా?”

“చించుతావా, నన్ను చించమంటావా?”

“ఇంట్లోనే ఉందా అని అడిగాను.”

“ఫిడేలుకి తీగలు మార్పించాలన్నాడు పొద్దున. రేడియో గరగరమంటోందన్నాడు.”

“కెమెరా?”

“అదీ చూపించాలంట ఎవరికో.”

“మరి దిండు?”

“ముందు ఆ కాగితం ఇలా ఇవ్వు.”

“అక్కా, దిండు?”

“గోతం మరీ బరువైపోయిందిరా. ఒక్కడూ ఎత్తుకోలేకపోతుంటే, మూతి కట్టి, వీధి మలుపు దాకా నేనే ఓ చెయ్యేశాను.”