బోర్డు మీద మొదటి మేకు

అయ్యో, చెప్పులు విడవొద్దు మేడమ్! ఇదేమన్నా గుడా? మెకానిక్ షెడ్డు. రాండి, అట్లనే లోపలికి రాండి.

సూసినారా, ఇదే నా కర్మ. వచ్చినోళ్ళంతా గడప కాడ నిలబడి చెప్పులు విడస్తారు. విడిచి లోపలికొచ్చినాక, ‘ఈడ పనేం జరగతా ఉండాది?’ అంటారు.

మీ ముందర బ్యాంకు నుంచి వచ్చిన సారు అట్ల గాదు లెండి. ఆయన బూట్లు విడవలేదు, లోపలికీ రాలేదు. గడప కాడే నిలబడి నవ్వినాడు. ‘ఇది షెడ్డా, పెండ్లి ఇల్లా?’ అన్నాడు. ఐదు నిమిషాలు. ఐదే! పోయి ఏం రాసినాడు? ‘పని జరుగుతున్న ఆనవాళ్ళు లేవు. చూపు కోసం ఏర్పాటు చేసినట్టుంది.’

చూపు కోసమంట!

మీ చేతిలో కాయితంలో ఉండాదే, మాజీ హవల్దారు మునస్వామి, ఆ మునస్వామి నేనే. ఇరవై నాలుగేండ్లు మిలిటరీలో లారీలు రిపేరు చేసినోణ్ణి. గాలి ఆడని కొండల మీద, ఇనుము ముట్టుకుంటే తోలు ఊడొచ్చే చలిలో ఇంజన్లు విప్పి బిగించినోణ్ణి. నేనా చూపు కోసం షెడ్డు పెట్టేది?

ప్రతాపా? నాతో పని చేసేటోడే. వస్తాడు, టీకి పోయినాడు. ఆ మలుపులో చంద్రకాంతమ్మ టీ అంగడి ఉండాది. రొంత నిదానంగా వస్తాడు. వాడి కాలు సంగతి కాయితంలో రాసే ఉంటాది గదా. మీరు కూసోండి. కుర్చీ తుడవాల్సిన పనిలేదు మేడమ్. అబ్బే, ఆ చేతిగుడ్డ లోపల పెట్టుకోండి!

సరే, తప్పు నాదే. ఒప్పుకుంటా. లోను అడిగినాక మొదటిసారి బ్యాంకు నుంచి ఫోన్ చేసి, ‘శుక్రవారం ఇన్‌స్పెక్షన్’ అన్నారు. మేడమ్, మిలిటరీలో ఆ మాట చెవిన పడితే ఏం చేస్తారో తెల్సునా మీకు? పని ఆపేస్తారు. మూడు దినాలు తుడవడమే. రాళ్ళకు సున్నం, చెట్ల మొదళ్ళకు ఎర్రమట్టి. రెంచీలన్నీ పొడుగు ప్రకారం వరసన పెట్టాల. పెద్దాయన వేలితో రుద్దితే మసి అంటకూడదు. అంటిందా, అయిపోయినావ్!

నేనూ అదే చేసినా. షెడ్డులో ఆరు బండ్లుండె. ఒకటి ఇంజను విప్పేసిన ట్రాక్టరు. అందరికీ ఫోన్ చేసి, ‘శనివారం తీసుకరాండప్పా, శుక్రవారం మాకు ఇన్‌స్పెక్షన్’ అని బండ్లన్నీ తోలించేసినా. ఇంజను విప్పిన ట్రాక్టరును తాడు కట్టి లాగించినా! గచ్చు మీద రంపపు పొట్టు పోసి నూనె మరకలు తీసినా. ఆ సారు జీపు దిగతానే బనియను లోపలికి దోపుకొని, మడమలు కలిపి నిలబడి, ‘ఇన్‌స్పెక్షన్‌కు తయార్ సార్!’ అన్నా.

నవ్వండి మేడమ్, నవ్వండి. ఆయనా నవ్వినాడు. మీ నవ్వు మంచిది, ఆయన నవ్వు వేరు.

రెండో కాయితంలో ఇంకో ముక్క ఉండాది సూడండి. ‘వ్యాపార అనుభవం లేదు’. నా డిశ్చార్జి పుస్తకం చూపిస్తే అటూ ఇటూ తిప్పి, ‘ఇందులో మెకానిక్ అని ఉండాది గానీ, సివిల్ సర్టిఫికెట్ యాడుండాది?’ అంటారు. తుపాకి గుండ్లకు ఎదురు పోయే లారీని తయారు చేసినోడు, మామిడికాయలు మోసే ట్రాక్టరును చేయలేడా? ఎవురికి చెప్పుకునేది?

ఇంకో మాట. కోపం తెచ్చుకోవద్దు. మిలిటరీ నుంచి వచ్చినాక పన్నెండేండ్లు సెక్యూరిటీ పని చేసినా. యాడ? ఒక బ్యాంకు గుమ్మం ముందర. పేరు వద్దు లెండి. తుపాకి చేతికిచ్చి, ‘మునస్వామీ, లోపల ఉండే డబ్బంతా నీ చేతిలోనే భద్రం’ అన్నారు. గుమ్మం బయట నిలబడినంత కాలం నాయంత నమ్మకమైనోడు లేడు. అదే గుమ్మం లోపలికి ఒక అప్లికేషను పట్టుకొని పోయినా సూడండి, నేనెవురో ఎవురికీ తెలీదు! నాకు సెల్యూట్ కొట్టిన గుమాస్తానే, ‘ఏం తాతా, లైన్లో రా’ అన్నాడు.

ఊర్లోవాళ్ళు ఇంకో రకం. ‘పెన్షన్ వస్తా ఉండాది గదా మామా, తిని కూసోక నీకెందుకీ యాపారం?’ అంటారు. కూసోడానికా నేను పుట్టింది? అరవై దాటితే మనిషి చేతులు తీసి అటక మీద పెట్టాల్నా?

ఏమి? గిరాకీనా? ఉండాది. తగ్గింది, నిజమే. అబద్ధం చెప్పను. కాయల కాలంలో ఒకాయన తోతాపురి మామిడి లోడుతో ట్రైలరు తెచ్చినాడు. చిత్తూరు రోడ్డులో గుజ్జు ఫ్యాక్టరీ కాడ లైన్లో పెట్టాల, బిన్నా, తొందరగా చూడు అన్నాడు. చూస్తే ట్రాక్టరుకూ ట్రైలరుకూ మధ్య కొక్కెం పిన్ను అరిగి సగమైంది. మారిస్తే గానీ బండి కదలదు అన్నా. ‘నా కాయలు మాగిపోతాయి, తియ్యి బండి’ అని అరిచినాడు. తియ్యనన్నా. తాళంచెవి జేబులో వేసుకొని కూసున్నా. నా అమ్మను తిట్టినాడు, నాయనను తిట్టినాడు. పిన్ను మార్చినాకే తాళం ఇచ్చినా. ఆయన మళ్ళీ రాలేదు. ఆయన చుట్టాలూ రాలేదు. ‘మిలిటరీ ముసలోడి కాడికి పోతే బండి జైల్లో పడినట్టే’ అని పేరు పెట్టినారు. పెట్టుకోనీ!

ఇప్పుడు వాళ్ళంతా రైలుగేటు కాడ సుబ్రమణ్యం షెడ్డుకు పోతారు. మీరూ చూసే ఉంటారు. కాలు పెడితే మడమ దాకా నూనె. యాడ చూసినా విప్పిన ఇంజన్లు. మీ ముందొచ్చిన సారు అది చూసి, ‘వర్క్‌షాపంటే అట్ల ఉండాల’ అన్నాడంట. సుబ్రమణ్యం చెడ్డోడేమీ కాదు మేడమ్. మీరు వస్తారని తెలిసి, పోయిన వారం వాడే వచ్చినాడు. ‘మామా, నా కాడ మూడు చచ్చిన ఇంజన్లుండాయి. తీసుకపో. నాలుగు దినాలు ఆడా ఈడా పడేసుకో. లోను వచ్చినాక తిరిగిచ్చెయ్’ అన్నాడు.

నా పెండ్లాం ప్రసన్నకుమారి గూడా అదే మాట. ‘ఈసారి గూడా లేదంటే ఫైలు మూసేస్తారంట. రొంచేపు నీ మిలిటరీ బుద్ధి మూట గట్టి పెట్టు. గచ్చు మీద నాలుగు డబ్బాల నూనె పొయ్యి, సామాను చెల్లాచెదరుగా ఎయ్యి. నీ సొమ్మేం పోతుంది?’ అనింది.

ఆ మూలన సూడండి, గోనెపట్ట కింద. సుబ్రమణ్యం ఇంజనే. ఒకటి తెచ్చినా. తెచ్చినా మేడమ్, ఏం చేసేది! పొద్దున ఆరింటికి వచ్చి, నల్లనూనె డబ్బా ఎత్తి గచ్చు మీద పోసినా గూడా. రెంచీలు బోర్డు మీద నుంచి తీసి కింద ఎగజల్లినా. తలుపు కాడికి పోయి చూసుకున్నా. సుబ్రమణ్యం షెడ్డు మాదిరే అచ్చంగా ఉండె.

రెండు గంటలు ఓర్చుకున్నా. ఒంట్లో తేళ్ళు పాకినట్టుండె. తొమ్మిదింటికి పొట్టు పోసి, పరకతో ఊడ్చి, నీళ్ళు కొట్టినా. ఇందాక మీరు చూసిన తడి అదే. ప్రతాపు వచ్చి చూసి, ‘అన్నా, ఏంది? గచ్చంతా పొట్టు వాసన’ అన్నాడు. ఏం లేదురా అన్నా.

తుడిచేసినా మేడమ్. ఇప్పుడు మీ ఇష్టం.

ఆగండి! ముట్టుకోవద్దు.

అరిచినానా? తప్పయింది. కూసోండి తల్లీ, కూసోండి. ఆ బోర్డు మీద ఏ సామానైనా తీసి చూడండి. ప్రతి రెంచీ వెనకాల దాని ఆకారం తెల్లరంగుతో గీసినా, చూసినారా? సాయంత్రం ఒక్క ఆకారం ఖాళీగా కనిపించినా బండి బయటికి పోదు. ఎవురు తిట్టినా పోదు. కానీ ఆ మొదటి మేకుకుండేది మాత్రం ముట్టుకోవద్దు.

ఏంది అదంటారా? ఇనుప పిన్ను. చీపురుపుల్లంత. స్టీరింగు కింద రాడ్డుకు ఒక నట్టు ఉంటాది, ఆ నట్టు ఊడకుండా అడ్డంగా ఇది దూర్చి, దీని కొసలు రెండూ వంచుతారు. రూపాయి సామాను.

అప్లికేషనులో ఒక గడి ఉండాది సూడు పాపా, ‘లిఫ్టు మిషను ఎందుకు అవసరం?’ అని. నేనేం రాసినా? ‘పని వేగం పెంచుటకు’. అబద్ధం. ఇందాక నేను అబద్ధం చెప్పనన్నా గదా. అది ఒకటి చెప్పినా.

నాకు బండి కింద తవ్విన ఈ గుంత చాలు. ఈ వయసులో గూడా గుంతలోకి దిగి, నడుము వంచి పని చేస్తా. ప్రతాపు దిగలేడు. పెట్టుడు కాలు మెట్టు మీద నిలవదు. ఏర్పేడులో వాళ్ళన్న ఇంటి పంచలో కూసోని సెల్‌ఫోన్ కార్డులు అమ్ముకుంటా ఉండె. నేనే పోయి పట్టుకొచ్చినా. మిలిటరీలో డ్రైవరే గానీ, ఇంజను చప్పుడు విని జబ్బేందో చెప్తాడు. బండిని పైకి లేపే మిషను ఉంటే, నిలబడి పని చేస్తాడు. కుర్చీలో కూసోని నాకు రెంచీలు అందియ్యాల్సిన మనిషి కాదు వాడు.

కాలెట్ల పోయిందంటారా.

వాడు తోలిన లారీ లోయలో పడింది. మంచు కరిగి దారి అంచు విరిగిందని విచారణలో రాసినారు. ‘స్టీరింగు తిరగలేదు సార్’ అని ప్రతాపు ఆస్పత్రి మంచం మీద నుంచి చెప్పినాడు. దెబ్బ తగిలి మతి పోయిందన్నారు. నన్ను పిలిచి అడిగినారు. మడమలు కలిపి నిలబడి, ‘బండి బాగా ఉండె సార్’ అన్నా.

ఆ పొద్దు ఆ లారీ కింద పని చేసింది నేను. నట్టు బిగించినా. పిన్ను చేతిలో ఉండె. అప్పుడు ఎవురో ‘మునస్వామీ, టీ’ అన్నారు. పిన్ను చొక్కా జేబులో వేసుకొని లేచినా. టీ తాగి, వేరే బండి కిందికి పోయినా. సాయంత్రం చొక్కా విప్పుతా ఉంటే జేబులో గుచ్చుకునింది. అప్పటికే లారీ పోయి ఉండె.

ఇదే ఆ పిన్ను.

ప్రసన్నకుమారికి గూడా తెలీదు. నీకెందుకు చెప్పినానో నాకూ తెలీదు. నువ్వు చెయ్యి పెట్టినావు దాని మీద, అంతే.

ప్రతాపుకా? వాడికేం తెల్సు! రోజూ పొద్దున బోర్డు తుడిచేది వాడే. ఆ పిన్నును తీసి, చొక్కా అంచుతో రుద్ది, మళ్ళీ తగిలిస్తాడు. ‘అన్నకు ఇదేదో శకునం’ అని నవ్వతాడు. ఒక్కోసారి పని లేనప్పుడు ఉన్నట్టుండి, ‘నేనే స్టీరింగు ఎడమకు జాస్తి తిప్పినానేమో అన్నా’ అంటాడు. ఇరవై రెండేండ్లయినా ఇంకా అంటా ఉండాడు. నేను గచ్చు తుడస్తా ఉంటా.

అట్ల సూడొద్దు పాపా. చెప్పాల్సింది నేనని నాకు తెలుసు. లిఫ్టు వచ్చినాక చెప్తా అనుకున్నా. బండి పైకి లేచి, వాడు దాని కింద నిలబడి, తన చేత్తో పిన్ను దూర్చిన దినం చెప్తా. ఆ పొద్దు వాడు రెంచీ తీసుకొని నన్ను కొట్టినా సరే, నిలబడి కొట్టాల. కుర్చీలో కూసోని కాదు.

అందుకే అడగతా ఉండా లోను. దానం కాదు. జాలి గూడా వద్దు. ఇప్పుడు నేను చెప్పింది నీ కాయితంలో రాస్తావో, మానుకుంటావో నీ ఇష్టం. ‘పని జరుగుతున్న ఆనవాళ్ళు లేవు’ అని మళ్ళీ రాసినా, మళ్ళీ పెట్టుకుంటా అప్లికేషను. మీ మేనేజరు రిటైరయ్యేదాకా పెడతానే ఉంటా. గచ్చు మీద మాత్రం నూనె పొయ్యను. ఎవురి కోసమూ పొయ్యను. మళ్ళీ పొయ్యను.

అదో, వాడి చేతికర్ర చప్పుడు. వస్తా ఉండాడు. ఆ పిన్ను వైపు సూడొద్దు. పెన్ను తీసుకో. రాసుకుంటా ఉన్నట్టు ఉండు.

రారా ప్రతాపా. టీ ముందు మేడమ్‌కు ఇయ్యి. నాది ఆడ పెట్టు, చేతిలో పని ఉండాది.

ఏం మాట్లాడతా ఉండామా? ఏముండాదిరా. గచ్చు మరీ నున్నగా ఉండాదంట. అదే గొడవ.