రెండొందల పన్నెండు తుంటులు

బల్గేరియాలో ఒక వైద్య కళాశాల. పరీక్షకు ముందు రోజు మధ్యాహ్నం జూనియర్ టీచర్ రుమెనా శవాలు కోసే గది తలుపు తోసుకుని వచ్చేసరికి, శవాలను సిద్ధం చేసే ముసలి స్తామెన్ చేతిలో కత్తెర ఉంది.

"ఆ కత్తెర కింద పెట్టు, బాబాయ్."

"పని అవనీ."

"ఏం కోశావిప్పుడు?"

"కొవ్వు."

"కొవ్వుకి నారలుంటాయా? తొట్లో పడేశావుగా, తీసి చూపించనా?"

"కాస్త కండ. తుంటిలో బేరికాయలా ఉంటుందే, దాంట్లో ఓ పీలిక. ఏమైందిప్పుడు?"

"కాలి నరం ఆ కండ కిందనుంచి కదా రావాలి. ఈ బల్ల మీదున్నాయనకి రెండుగా చీలి, ఒక పాయ కండ మధ్యలోంచి వచ్చింది. నువ్వేమో కండ కోసేసి రెండు పాయలూ కిందికి సర్దేశావు."

"పుస్తకంలో కిందనుంచి వస్తుంది. రేపు పిల్లల ముందు ఇక్కడా కిందనుంచే రావాలి. లేకపోతే ఏడుస్తూ బయటికెళ్తారు."

"కూర్చో. నీతో మాట్లాడాలి."

"నిలబడే వింటాలే."

"కూర్చోమన్నానా?"

"స్టూలు ఖాళీగానే ఉంది, నువ్వే కూర్చో. అయ్యో, నువ్వు కూర్చోలేవు కదూ. పోయి, రోగాలు నయం చేస్తుందంటారుగా, ఆ సెయింట్ పెట్కాకి కొవ్వొత్తి వెలిగించుకో."

"వెక్కిరించు. నీ పుణ్యమా అని డాక్టర్లూ వెక్కిరిస్తున్నారు."

"నేనేం చేశా?"

"మూడేళ్లుగా తుంటి నుంచి మడమ దాకా మంట. నరం ఇలాగే కండలో నలుగుతోందని నా అనుమానం. ఆపరేషన్ చేస్తారో లేదో గురువారం వైద్యుల బోర్డు తేలుస్తుంది. పోయినసారి ఏమన్నారో తెలుసా? ప్రొఫెసర్ గెర్జికోవ్ రెండొందల పన్నెండు తుంటులు చూశారట, నరం కండలోంచి వచ్చింది ఒక్కటీ లేదట. కాబట్టి నా నొప్పి తుంటిలో లేదు, తలలో ఉందట."

"ఆయన మహానుభావుడు. పోయినవాణ్ణి ఇందులోకి లాగకు."

"ఆ రెండొందల పన్నెండూ శుభ్రం చేసి బల్ల మీద పెట్టిందెవరు?"

"పెడితే?"

"ఎవరు, బాబాయ్?"

"ఈ గదిలో ఇంకెవరున్నారు? నేనే."

"ఇలాగే కోసి?"

"చక్కగా ఉండాలి అనేవాడు. చక్కగా అంటే పుస్తకంలోలా. నేను సర్ది పెట్టేవాణ్ణి, ఆయన వచ్చి లెక్కపెట్టుకునేవాడు."

"నువ్వు తలలు దువ్వి కూర్చోబెట్టావు, ఆయన ఈ ఊళ్లో ఎవరికీ చిక్కుల్లేవని రాసేసుకున్నాడు."

"నోరు జాగ్రత్త."

"ఎన్ని కోశావు?"

"గుర్తులేదు."

"పదా? ఇరవయ్యా?"

"గుర్తులేదన్నానా."

"గురువారం వచ్చి బోర్డు ముందు ఇదే చెప్పు."

"రాను. పోయినవాడి పేరు, బతికున్న నా పేరు, రెండూ నీ ఒక్క కాలి కోసం తగలెట్టను."

"సరే. ఈ తొట్టి పట్టుకుని నేనే పోతా. నువ్వు పిరికివాడివని కూడా చెప్తా."

"ఆగు."

"దారి వదులు."

"ఒక్క పీలిక చూపిస్తే ఏమంటారు? ఎక్కడో ఒకడికి ఉందిలే అంటారు. కాగితం తియ్యి. ముప్పై ఒకటి."

"గుర్తులేదన్నావు?"

"అదే బోర్డు, పంతొమ్మిదేళ్ల కిందట, అదే లెక్క నాకూ చదివి వినిపించింది. కత్తెర జేబులోనే ఉంది, నోరు విప్పలేకపోయా. ఆ ముప్పై ఒకటీ బల్ల మీదవి మాత్రమే, రుమెనా. నేను ఈ స్టూలు మీద కూర్చోవడం నువ్వెప్పుడైనా చూశావా?"